తెలిసిన బండియు తెలియని బండియు

ఆడది ఇల్లు కదలి పొరుగూరు పోవలసినపుడు ఇంటివారు మొదట అడుగు మాట "ఎవరి బండిలో పోవుచున్నావు?" అనునది. దూరము, కాలము, కిరాయి ఇవన్నియు తరువాతి మాటలు. మన అమ్మమ్మల కాలమున సవారి కచ్చరము తోలువాడు ఇంటి జీతగాడో, ఊరివాడో అయియుండెడివాడు. ఆ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పిన చాలెడిది. నేడు హైదరాబాదులో బండి ఎక్కు మన ఆడపిల్ల ఆ ప్రశ్నకు బదులుగా తల్లికి సెల్‌ఫోనులో ఒక బండి నెంబరును, ఎన్నడును చూడని ఒక మనుష్యుని పటమును పంపుచున్నది. ఈ మార్పు మంచిదా, చెడ్డదా? పాత కిరాయి బండి మేలా, ఓలా, ఊబరు, ర్యాపిడో మొదలగు యాపుల బండి మేలా? ఈ విషయమును గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని.

మా పెద్దవూర నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరమునకు చేరువనున్న మండల కేంద్రము. హాలియాకో, మిర్యాలగూడకో, నల్లగొండకో పోవలెనన్న మాకు ఆర్టీసీ బస్సు కలదు; 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము వలన ఆ బస్సులో ఆడవారికి టిక్కెట్టు సొమ్ము కూడ లేదు. బస్సు లేనివేళ షేరు ఆటో కలదు. రోగిని ఆసుపత్రికి కొనిపోవలెనన్నను, పెండ్లికి పదిమంది పోవలెనన్నను కిరాయి కారు మాటాడుకొందుము. సాగరము చూడవచ్చు యాత్రికులను యాపు బండ్లు నగరమునుండి తెచ్చుట చూచుచున్నాము గాని, నడిరేయి మా గడపకు రాగలిగినది మాత్రము ఊరి కిరాయి బండియే.

ఈ ఊరి బండి గుణము మొదట చెప్పుదును. మా వీధిలో ఒక కోడలికి నెలలు నిండకమునుపే రాత్రి రెండు గంటలకు నొప్పులు వచ్చినవి. 108 వాహనమునకు ఫోను చేయగా, అది అప్పుడే వేఱొక రోగిని కొనిపోవుచు దూరమున నుండెను. వేచియుండుటకు ధైర్యము చాలక అత్తగారు నాలుగిండ్ల అవతలనున్న డ్రైవరు తలుపు తట్టినది. అతడు ముఖమైన కడుగుకొనక కారు తీసెను. తన భార్యను కూడ తోడు కూర్చుండబెట్టెను. సాగరములోని ఆసుపత్రికి చేర్చి, తెల్లవారువఱకు ఆ వాకిట నుండెను. కిరాయి మాట పదిదినముల పిమ్మట, పురుడు వెళ్ళిన తరువాత వచ్చినది. ఏ యంత్రమునకును ఈ పని చేయు హృదయము లేదు. ఇట్టి బండివానిని పోగొట్టుకొన్న ఊరు సగము దిక్కులేనిదగును.

అట్లని ఊరి బండిలో లోపములు లేవనరాదు. మొదటి లోపము కిరాయి. హైదరాబాదునకు కారు మాటాడినచో పోవుట ఒకవైపే యైనను రానుపోను కిరాయి ఈయవలెను. దానిపై డ్రైవరు బత్తా, టోలు, నిలుపుదల సొమ్ము. ఇవన్నియు ముందుగా చెప్పువారు కొందఱు, దిగిన తరువాత చెప్పువారు కొందఱు. మగవాడు మాటాడిన ఒక ధర, ఒంటరి ఆడది మాటాడిన ఒక ధర అగుటయు కలదు. రెండవ లోపము, మన ప్రయాణము మనది కాకపోవుట. కోడలు పుట్టింటికి ఏల పోయినది, ఏ డాక్టరునొద్దకు పోయినది అను సంగతి బండి తిరిగి రాకమునుపే రచ్చబండకు చేరును. మూడవది అన్నిటికంటె పెద్దది. కిరాయికి తిప్పు బండికి పసుపుపచ్చని నెంబరు పలక యుండవలెను. తెల్ల పలక యున్నది సొంతపు వాడుకకు మాత్రమే రిజిస్టరైన బండి. అట్టిదానిని కిరాయికి మాటాడుకొని పోవునపుడు దైవవశమున ప్రమాదము జరిగినచో, భీమా కంపెనీవారు పరిహారమును గూర్చి పేచీ పెట్టవచ్చును. తెలిసినవాని బండి యను మొగమాటమున మనము ఈ పలక వంక చూడనైన చూడము.

ఇక నగరము సంగతి. అచట తెలిసిన బండి యనునది లేదు, అందఱు తెలియనివారే. ఇట్టి తెలియనివారి నడుమ న్యాయము నిలుపుటకే పూర్వము మీటరు పుట్టినది. 1891లో జర్మనీ దేశమున విల్‌హెల్మ్ బ్రూన్ అనునతడు దూరమును, కాలమును కొలిచి కిరాయి చూపు టాక్సీమీటరును నిర్మించెను. టాక్సీ యను పేరు ఆ యంత్రమునుండియే వచ్చినది. లండను నగరమున టాక్సీవాడు కావలెనన్నచో నగర మధ్యమునుండి ఆఱు మైళ్ళలోపలి వీధులన్నియు కంఠస్థము చేసి పరీక్షలో నెగ్గవలెను. ఈ నియమము 1865 నుండియు కలదు. బొంబాయి వీధులలో దశాబ్దములు తిరిగిన నలుపు పసుపు ప్రీమియర్ పద్మిని టాక్సీలకు 2023 అక్టోబరుతో కాలము చెల్లినది. మన హైదరాబాదులో సామాన్యుల టాక్సీ ఆటోయే. 2014లో ప్రభుత్వము దానికి మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరునకు 11 రూపాయలు అని ధర కట్టినది.

ధర కట్టుట వేఱు, మీటరు వేయుట వేఱు. ఊరినుండి బస్సు దిగిన ఆడదాని చేతిసంచి చూడగనే "ఏడికి పోవాలమ్మా?" అని నలుగురు చుట్టుముట్టుదురు. "మీటరు వేయవా తమ్ముడూ?" అనినచో "మీటరు నడువదమ్మా, రెండు నూర్లియ్యి" అని సమాధానము. ఎండలో పిల్లను చంకనెత్తుకొని, నూటయేబదికి బేరమాడి, ఎక్కిన తరువాత "లోపలి గల్లీ అని చెప్పలేదు, ఇంకొక ముప్పది" అనిపించుకొనుట నేను స్వయముగా అనుభవించితిని. ఆ ముప్పది రూపాయలు పోయినందుకు గాదు, నలుగురిలో నోరెత్తవలసి వచ్చినందుకే అభిమానము గల స్త్రీ మనసు కుంగును. పెక్కుమంది తల్లులు ఒంటరిగా నగరమునకు పోక మానుటకు దూరము కారణము కాదు, ఈ బేరమే కారణము.

యాపు బండి వచ్చి మొదట తొలగించినది ఈ బేరమునే. ఓలా 2010లో మన దేశముననే పుట్టినది. అమెరికాలో 2009లో పుట్టిన ఊబరు 2013లో బెంగుళూరు ద్వారా భారతదేశమున ప్రవేశించినది. మోటారు సైకిలుపై ఒక్కరిని ఎక్కించుకొని పోవు ర్యాపిడో 2015లో బెంగుళూరున మొదలైనది. వీని తంత్రము మాయ కాదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహముల సంకేతములను బట్టి మన సెల్‌ఫోను తానున్న చోటు కనిపెట్టును. అమెరికా ప్రభుత్వము ఆ సంకేతములపై తానుంచిన తెరను 2000 మే నెలలో తొలగించిన పిమ్మట ఈ గుర్తింపు సామాన్యులకును నిక్కముగా లభించుచున్నది. మనము పోదలచిన చోటు వ్రాయగనే, దూరమును, పట్టు సమయమును, ఆ వేళ బండ్లకున్న గిరాకీని లెక్కించి, యాపు ఒక ధర చూపి, దగ్గరనున్న డ్రైవరుకు కబురు పంపును. ఎక్కునపుడు మన ఫోనులో కనబడు నాలుగంకెల సంఖ్యను డ్రైవరుకు చెప్పినగాని ప్రయాణము మొదలు కాదు. ఒకరి బండి మఱొకరు ఎక్కకుండుటకు ఈ కట్టడి.

దీనివలన ఆడవారికి కలిగిన లాభము చిన్నది కాదు. ధర ముందే తెలియును. డ్రైవరు పేరు, పటము, బండి నెంబరు ముందే తెలియును. పోయిన దారి, దిగిన గడియ వ్రాసియుండును. మఱియు ఆ ప్రయాణమును ఇంటివారు కూర్చున్నచోటనే చూడవచ్చును. మా బంధువులమ్మాయి హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, రాత్రి తొమ్మిది దాటి హాస్టలునకు బయలుదేరును. ఆమె తల్లి పెద్దవూరలో పొయ్యి దగ్గర కూర్చుండి ఒక చేత గరిటెయు, ఒక చేత ఫోనును పట్టుకొని, తెరమీద చీమవలె ప్రాకు ఆ బండి గుర్తు హాస్టలు ముందు నిలుచువఱకు చూచుచుండును. అది నిలిచిన తరువాతనే అన్నము వడ్డించును. ఈ సౌకర్యము లేకున్న ఆ పిల్లను ఉద్యోగమునకు పంపియే యుండనని ఆ తల్లి నాతో ననినది. ఒక ఆడపిల్ల జీతము, ఒక ఆడపిల్ల స్వాతంత్ర్యము ఈ చిన్న గుర్తుమీద నిలిచియున్నవనుట అతిశయోక్తి కాదు.

అయినను వ్రాసియున్నంత మాత్రమున రక్షణ కలుగునా? 2014 డిసెంబరులో ఢిల్లీ నగరమున ఊబరు ద్వారా పిలిపించుకొన్న కారులో ఒక యువతిపై ఆ డ్రైవరే అత్యాచారము చేసెను. అతనిపై అంతకుమునుపే అభియోగము లుండెనని పిమ్మట బయటపడినది. 2015లో న్యాయస్థానము అతనికి యావజ్జీవ కారాగారశిక్ష విధించెను. పేరు, పటము, నెంబరు అన్నియు ఫోనులో నుండెను. అతని పూర్వచరిత్రను విచారించిన వారే లేకపోయిరి. ఆ ఘోరము తరువాతనే యాపులలో ఆపద మీట మొదలగు ఏర్పాట్లు హెచ్చినవి. కావున వ్రాతపని దొంగను పట్టించును గాని, దొంగను దొరగా మార్చదు.

యాపుల రెండవ లోపము ధర నిలుకడ లేకుండుట. పొద్దున నూటయేబది చూపిన దారి, వాన కురియు సాయంకాలమున మూడు వందలు చూపును. కేంద్ర రవాణాశాఖవారు 2025 జూలై 1వ తేదీన వెలువరించిన మార్గదర్శకములలో దీనికొక గట్టు కట్టిరి. గిరాకీ వేళ మూల కిరాయికి రెండింతలు మించరాదు. గిరాకీ లేనివేళ అందు సగమునకు తగ్గరాదు. అనగా మూల కిరాయి 200 రూపాయలైనచో 100 నుండి 400 లోపలనే ధర యుండవలెను. మనలను ఎక్కించుకొనుటకు బండి వచ్చిన దూరమునకు కిరాయి కొనరాదు. ప్రయాణము 3 కిలోమీటర్లకు లోపైనపుడు మాత్రము మినహాయింపు. తగిన కారణము లేక ప్రయాణమును రద్దుచేసినవారు, డ్రైవరైనను మనమైనను, కిరాయిలో నూటికి పది వంతున, 100 రూపాయలకు మించకుండ అపరాధము చెల్లింపవలెను. 2020 నాటి మార్గదర్శకములలో ఈ గట్టు ఒకటిన్నర రెట్లే యుండెనని మఱువరాదు, ఇప్పుడది పెరిగినది. ఈ నియమములను రాష్ట్ర ప్రభుత్వములు అవలంబించి, మూల కిరాయిని నిర్ణయింపవలసి యున్నది. ఒకే దారికి ఖరీదైన ఫోనులో ఒక ధర, చవుక ఫోనులో ఒక ధర కనబడుచున్నదను ఫిర్యాదులపై 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థవారు ఓలా, ఊబరులకు నోటీసు లిచ్చిరి. ఇట్లు బేరము పూర్తిగా పోలేదు. మనకు కనబడని చోటికి మాఱినది.

డ్రైవరు పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. మన పల్లెలనుండి వలసపోయి, అప్పుచేసి కారు కొని, నెలవాయిదాలు కట్టుకొనుచు నగరమున యాపులకు బండి నడుపుకొను పిల్లలు ఎందఱో కలరు. మనము ఇచ్చిన కిరాయిలో కంపెనీ కొంత కోసికొనగా మిగిలినదానిలోనే పెట్రోలు, మరమ్మతు, వాయిదా, ఇంటి గడుపు. 2025 మార్గదర్శకముల ప్రకారము సొంత బండి నడుపువానికి కిరాయిలో నూటికి ఎనుబదికి తక్కువ చెందరాదు. అతనికి 5 లక్షల ఆరోగ్యభీమా, 10 లక్షల జీవితభీమా కంపెనీ కల్పింపవలెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, ఇట్టి పనివారి సంక్షేమమునకై కంపెనీలు తమ వార్షిక వ్యాపారములో నూటికి ఒకటి నుండి రెండు వంతుల వఱకు చెల్లింపవలెనని విధించుచున్నది. బ్రిటనులో 2021 ఫిబ్రవరిలో అచటి అత్యున్నత న్యాయస్థానము ఊబరు డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, పనివారేయని తీర్పు చెప్పినది. "తక్కువకు వచ్చినది" అని మనము సంతోషించు కిరాయిలో ఒక తల్లి బిడ్డ నిద్రమానిన గంటలు కూడ కలిసియున్నవేమోయని తలపోయుట మన ధర్మము.

మన గ్రామమునందును ఇదే చిక్కు మఱొక రూపమున నున్నది. ఉచిత బస్సు వచ్చిన తరువాత గిరాకీ తగ్గినదని ఆటోవారు మొఱపెట్టి, ఆందోళనలు చేసిరి. బస్సు మనకు హక్కుగా వచ్చిన మేలు. దానిని వదలుకొనవలసిన పని లేదు. కాని నడిరేయి తలుపు తట్టినపుడు లేచి వచ్చు బండి పగటిపూట కూడ బ్రతుకవలెను గదా. బస్సు లేనివేళ, సామాను గలవేళ, ముసలివారితో పోవువేళ ఊరి ఆటోను పిలుచుట మన మేలునకే.

ఇంతకు రెండింటిలో ఏది మేలు? ఊరి బండికి పరిచయము కలదు, వ్రాత లేదు. యాపు బండికి వ్రాత కలదు, పరిచయము లేదు. ఒకదానిలో కొఱవడినది మఱొకదానిలో నిండుగా నున్నది. భారతములోని నలోపాఖ్యానమును తలచుకొనుడు. ఋతుపర్ణుని రథము కుండినపురము చేరినపుడు, ఆ రథధ్వని వినగనే దమయంతి అది నలుడు తోలిన రథమేయని ఊహించినది. ఆ చెవికి అంతటి పరిచయము కలదు. అయినను వినికిడితో ఊరకుండక, కేశినిని పంపి, ఆ బాహుకు డెవ్వడో, అతని మాట యెట్టిదో, నడత యెట్టిదో మఱల మఱల విచారింపజేసినది. గుర్తెఱిగిన మనసు, విచారించు బుద్ధి రెండును కూడినపుడే ఆమెకు సారథి నిజముగా తెలిసినాడు. మనము నగరములో విచారమును, ఊరిలో పరిచయమును మాత్రమే పాటించుచున్నాము. రెండును రెండుచోట్ల పాటింపవలెను.

యాపు బండి ఎక్కు సోదరీమణులు ఈ జాగ్రత్తలు తీసికొనుడు. ఎక్కకమునుపే బండి నెంబరును ఫోనులోని నెంబరుతో సరిచూడుడు. సరిపడకున్న ఎంత తొందరయైనను ఎక్కకుడు. నాలుగంకెల సంఖ్యను బండిలో కూర్చున్న పిమ్మటనే చెప్పుడు. ప్రయాణమును ఇంటివారికి పంపుట మానకుడు. "యాపులో రద్దుచేయుడమ్మా, నాకు చేతికే ఈయుడు" అని డ్రైవరు చెప్పినచో ఒప్పుకొనకుడు; రద్దుచేసిన నిమిషమునుండి ఆ ప్రయాణమునకు సాక్షి యుండడు. ధర ఎక్కువగా కనబడినచో రెండు యాపులు చూచి, పది నిమిషములు ఆగి మఱల చూడుడు.

ఊరి కిరాయి బండి మాటాడువారు వీనిని గుర్తుంచుకొనుడు. కిరాయి, బత్తా, టోలు, నిలుపుదల అన్నియు కలిపి ఎంతయో ముందే అడిగి, ఆ అంకెను డ్రైవరు ఫోనునకు వ్రాసి పంపుడు. పసుపుపచ్చని పలక యున్నదా చూడుడు. తెలిసినవాడైనను బండి నెంబరు ఇంటిలో చెప్పిపొండు. తెలంగాణ పోలీసువారు 2024 మార్చిలో టీ-సేఫ్ అను సేవను నెలకొల్పిరి. ఏ బండిలో పోవుచున్నను, అది యాపుది కాకున్నను, గమ్యము చేరువఱకు వారు మన ప్రయాణమును గమనింతురు; మామూలు ఫోనుగలవారును 100కు ఫోనుచేసి దీనిని పొందవచ్చును. ఆపద వచ్చినపుడు 112, రోగము వచ్చినపుడు 108 అను అంకెలు ఇంటి గోడమీద వ్రాసియుంచుడు. రోగి విషయమున ఊరి కారు పిలిచినను 108కి కూడ ఫోను చేయుట మానకుడు. ఏది ముందు వచ్చిన అదియే మేలు.

చివరగా మా ఊరి మహిళా సంఘములకు, ఇరుగుపొరుగు గ్రామముల సోదరీమణులకు ఒక విన్నపము. యాపువలె ఊరికొక పట్టిక మనము వ్రాసికొనలేమా? ఊరిలో కిరాయికి తిరుగు ఆటోలు, కార్లు ఎన్ని, వాని నెంబర్లేవి, ఏవానికి పర్మిటు, భీమా ఉన్నవి, హాలియాకు ఎంత, సాగరమునకు ఎంత, మిర్యాలగూడకు ఎంత, రాత్రివేళ ఎంత అను సంగతులు బండివారితోనే కూర్చుండి, వారికిని నష్టము లేకుండ నిర్ణయించి, గ్రామపంచాయతీ గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. దీనికి ఉపగ్రహములతో పనిలేదు. ఒక డబ్బా రంగు, ఒక పూట సభ చాలును. వచ్చే సంఘ సమావేశమునందు అప్పుల లెక్కలు ముగిసిన తరువాత ఈ మాట ఎత్తుడు. బండివారి భార్యలు కూడ ఆ సంఘములలోనే యున్నారు గనుక, మొదట వారినే అడుగుడు.